బెంచ్ వేస్తుంటే చంక దగ్గర ‘టప్’ మంది, చేయి నల్లబడింది: కండ పట్టిందా, తెగిందా?

చిత్తూరు నుంచి అడిగిన తమ్ముడికి,

చదివేవాళ్లందరికీ అర్థం కావాలని నీ సంగతి ముందు ఒకసారి చెప్తాను. నీకు 27 ఏళ్లు. నాయనతో కలిసి మామిడి మండీ చూసుకుంటావు, నాలుగేళ్లుగా జిమ్‌కు పోతున్నావు. పోయిన శనివారం 110 కేజీలతో బెంచ్ ప్రెస్ (వెల్లకిలా పడుకుని రాడ్‌ను ఛాతీ దాకా దించి పైకి తోయడం) వేస్తుంటే మూడో రెప్‌లో, అంటే మూడోసారి, రాడ్ ఛాతీకి ఆనేటప్పుడు, కుడి చంక దగ్గర ‘టప్’మని శబ్దం వచ్చింది. మంట పుట్టింది. పక్కన నిలబడ్డ ఫ్రెండు రాడ్ పట్టుకోబట్టి సరిపోయింది. ఇవాళ ఐదో రోజు. చంక నుంచి మోచేతి దాకా నల్లగా కమిలింది. ఎక్స్‌రే తీయిస్తే ఎముక బాగుందన్నారు. కండ పట్టింది, నూనెతో మర్దన చేసి రెండు వారాలు ఆగమని మీ జిమ్ మాస్టరు, పుత్తూరు కట్టు వేయిద్దామని మీ అవ్వ. నొప్పి సగం తగ్గింది కాబట్టి ఆగి చూడనా, మూడు నెలల్లో పవర్‌లిఫ్టింగ్ పోటీ ఉంది, అప్పటికి రెడీ అవుతానా అని అడిగావు.

ఆగొద్దు. నువ్వు రాసింది చదివితే ఛాతీ పెద్ద కండ, అంటే పెక్టోరాలిస్ మేజర్, చేతి ఎముకకు అతుక్కునే చోట తెగినట్టు అనిపిస్తోంది. చూడకుండా, తాకకుండా అదేనని తేల్చి చెప్పను. కానీ అది కాదని తేలేవరకు అదే అనుకుని నడుచుకో. తెగిన టెండన్‌ను, అంటే కండను ఎముకకు కట్టి ఉంచే తాడులాంటి దాన్ని, మళ్లీ ఎముకకు కుట్టడానికి మొదటి రెండు మూడు వారాలు మంచి సమయం. ఆరు వారాల దాకా కూడా మామూలుగా కుట్టగలుగుతారు. ఆ తర్వాత వారం వారం పని కష్టమవుతుంది. నీకు ఐదు రోజులు గడిచిపోయాయి. ఇంకో రెండు వారాలు ఆగితే పంతొమ్మిది. అప్పుడు డాక్టరును వెతికి, స్కాన్ తీయించి, ఆపరేషన్ డేటు దొరికేసరికి నెల దాటుతుంది.

నొప్పి తగ్గిందన్నావే, ఈ దెబ్బలో మనిషిని మోసం చేసేది అదే. కండ కొంత తెగితే మిగిలిన భాగం లాగినప్పుడల్లా నొప్పి పెడుతూనే ఉంటుంది. పూర్తిగా ఊడిపోతే లాగడానికి అక్కడ ఏమీ ఉండదు. వారం పది రోజుల్లో వాపు దిగుతుంది, చేయి పైకి లేస్తుంది, అన్నం కలుపుకుంటావు, తల దువ్వుకుంటావు, బండి కూడా నడుపుతావు. ఆ పనులన్నీ భుజం చుట్టూ ఉన్న మిగతా కండలు చేసి పెడతాయి. అందుకే బాగైపోయిందని అనుకుంటారు. నొప్పి తగ్గడం వేరు, తెగింది అతుక్కోవడం వేరు.

ఈ మాట నేను చాలా బాధపడి నేర్చుకున్నాను. తిరుపతిలో ఫిజియోథెరపిస్టుగా నాకు 22 ఏళ్ల అనుభవం. మొదటి రెండు మూడేళ్లలో ఒక కుర్రాడు వచ్చాడు. అదే బెంచ్, అదే శబ్దం. దెబ్బ తగిలి అప్పటికి మూడు వారాలు. చేయి ఎత్తమంటే ఎత్తాడు. తోయమంటే కొంచెం నొప్పితో తోశాడు. కండ బెణికిందని అనుకున్నాను. ఏడు వారాలు మెషీన్ పెట్టాను, మర్దన చేశాను, ఎక్సర్‌సైజులు చేయించాను. నొప్పి పోయింది, ఇద్దరం సంతోషించాం. ఆఖరి రోజు బనియన్ కూడా తీసేసి ఫ్యాన్ కింద కూర్చుని, తుడుచుకోవడానికి రెండు చేతులూ ఎత్తాడు. ఎడమ చంక ముందు కండ అంచు గుండ్రంగా, నిండుగా ఉంది. కుడివైపు అదే చోట మూడు వేళ్లు దూరేంత పల్లం. నా కడుపులో దేవినట్టయింది. అప్పటికి పది వారాలు. సర్జన్ తెరిచి చూస్తే టెండన్ రొమ్ము వైపు ముడుచుకుపోయి చుట్టూ ఉన్న వాటికి అంటుకుపోయింది. లాగినా ఎముక దాకా రాలేదు. మోకాలి వెనక నుంచి ఇంకో టెండన్ తీసి మధ్యలో అతుకు వేయాల్సి వచ్చింది. ఇవాళ అతను పని చేసుకుంటున్నాడు, తేలిక బరువులు కూడా ఎత్తుతాడు. కానీ ఆ పక్క మునుపటిలా నిండలేదు. మొదటి రోజే చొక్కా విప్పించి చూసి ఉంటే ఆ రెండో టెండన్ అతని కాల్లోనే ఉండేది. అప్పటి నుంచి ఛాతీ దెబ్బతో ఎవరు వచ్చినా రెండు చంకలూ పక్కపక్కన చూడకుండా పంపలేదు.

లోపల ఏముందో చెప్తాను, మిగతాది సులువుగా అర్థమవుతుంది. తాటాకు విసనకర్ర గుర్తు తెచ్చుకో. ఆకు వెడల్పు, పిడి సన్నం. ఛాతీ కండ కూడా అంతే. ఒక భాగం కాలర్ బోన్ దగ్గర, పెద్ద భాగం రొమ్ము ఎముక, పక్కటెముకల దగ్గర మొదలవుతుంది. భుజం వైపు పోయేకొద్దీ ఇరుకై, చంక ముందు నుంచి దాటి, చేతి పై ఎముక మీద సుమారు 5 సెంటీమీటర్ల మేర అతుక్కుంటుంది. అదీ తిన్నగా కాదు, చివర్లో మెలి తిరిగి. ఛాతీ కింది భాగం పోగులు వెనకగా, పైకి పోయి అతుక్కుంటాయి. కాలర్ బోన్ నుంచి వచ్చినవి ముందు వైపు, కిందగా అతుక్కుంటాయి.

బెంచ్ మీద పడుకుని రాడ్ దించేటప్పుడు మోచేతులు వీపు కంటే కిందికి పోతాయి. రాడ్ ఛాతీకి చేరే ఆఖరి భాగంలో, మిగతా పోగుల కంటే ఆ కింది పోగులే ఎక్కువ సాగుతాయి. ఒకపక్క సాగుతూ, ఇంకోపక్క బరువును ఆపుతూ ఉండాలి. అందుకే ఈ దెబ్బ ఎక్కువగా రాడ్ దించేటప్పుడు, లేదంటే కింది నుంచి పైకి తిప్పే ఆ క్షణంలో తగులుతుంది. నీకూ సరిగ్గా అక్కడే తగిలింది. గ్రిప్ మరీ వెడల్పుగా పట్టినా, రాడ్‌ను ఛాతీ మీద ఎగిరించినా, అలసిపోయాక ఇంకొక్క రెప్ అని లాగినా ప్రమాదం పెరుగుతుంది. రాడ్‌ను తల మీదికి ఎత్తే వెయిట్‌లిఫ్టింగ్‌లో, అంటే స్నాచ్, క్లీన్ అండ్ జెర్క్ చేసేవాళ్లకు ఇది అరుదు. కర్ణం మల్లీశ్వరి 2000లో సిడ్నీలో కాంస్యం గెలిచిన ఆటలో బెంచ్ ప్రెస్ అంశమే లేదు. ఇది ప్రధానంగా బెంచ్ వేసేవాళ్ల దెబ్బ, అందులోనూ 20 నుంచి 40 ఏళ్ల మగవాళ్లది.

అలాగని జిమ్‌కే పరిమితం కాదు. వైద్యులు దీన్ని మొదట రాసిపెట్టింది 1822లో, పారిస్‌లో. కసాయి దుకాణంలో పనిచేసే కుర్రాడు బరువెత్తబోతే తెగింది. మండీలో లారీ మీద నుంచి జారే క్రేటును ఒంటిచేత్తో ఆపబోయినా ఇదే జరగొచ్చు. మీ దగ్గర హమాలీ ఎవరైనా చంక దగ్గర శబ్దం వచ్చిందని చెబితే కట్టు కట్టి పనిలోకి దించకండి.

ఇప్పుడు అద్దం ముందుకు పో. బనియన్ కూడా తీసెయ్. నొప్పి ఒప్పుకున్నంత వరకు రెండు చేతులూ పక్కలకు ఎత్తి, చంక ముందు మడతను రెండువైపులా పోల్చి చూడు. తర్వాత ఛాతీ ముందు నమస్కారం పెట్టి అరచేతులు ఒకదానికొకటి మెల్లగా నొక్కు. గట్టిగా నొక్కొద్దు, కొంచెమే తెగి ఉంటే మిగిలింది కూడా తెగుతుంది. ఎడమవైపు కండ చంక దాకా బిగుసుకుని, అంచు తాడులా నిలబడుతుంది. కుడివైపు ఆ అంచు పలచబడి, కండ మొత్తం రొమ్ము ఎముక వైపు ముద్దలా చేరితే, చనుమొన కిందికి జారినట్టు కనిపిస్తే అనుమానం గట్టిపడుతుంది. ఎవరితోనైనా ఎదుటి నుంచి, పక్క నుంచి ఫోటోలు తీయించుకుని పెట్టుకో. పది రోజుల తర్వాత డాక్టరు చూసేసరికి కమిలిన రంగు పోతుంది, ఫోటో సాక్ష్యంగా ఉంటుంది.

ఏమీ తేడా కనిపించకపోతే సంబరపడొద్దు. ఐదో రోజంటే వాపు, లోపల గడ్డకట్టిన రక్తం ఆ పల్లాన్ని నింపేసి ఉంటాయి. ఇంకో రెండు చిక్కులు కూడా ఉన్నాయి. కింది భాగం తెగినా కాలర్ బోన్ భాగం చెక్కుచెదరకుండా ఉండొచ్చు. అప్పుడు పైకి కండ బాగున్నట్టే కనిపిస్తుంది. రెండోది, కండ మీద ఉండే పలచని పొర చేతి పొరతో కలిసి ఉంటుంది. టెండన్ తెగినా ఆ పొర తెగకపోతే వేలికి తాడులా తగులుతుంది. టెండన్ ఉందిలే అని అనుభవం ఉన్నవాళ్లు కూడా పొరపడతారు. అందుకే నేను చేత్తో చూసి తేల్చను, స్కాన్ అడుగుతాను. కమిలిన చోటు కూడా ఒక సూచనే. రొమ్ము మీద మాత్రమే కమిలితే కండ మధ్యలో చిట్లి ఉండొచ్చు. నీలా చంక, పై చేయి నల్లబడితే టెండన్ వైపే అనుమానించాలి.

ఒక మాట ఇది చదివే మిగతావాళ్లకు. బరువెత్తేటప్పుడు ఛాతీలో వచ్చే నొప్పి ప్రతిసారీ కండది కాదు. చెమటలు పట్టి, ఊపిరాడక, నొప్పి దవడకో ఎడమ చేతికో పాకితే కండ సంగతి పక్కన పెట్టి వెంటనే ఎమర్జెన్సీకి పోవాలి. కండ తెగిన వాళ్లలో కూడా చేతి వేళ్లు మొద్దుబారడం, చేయి చల్లబడడం, వాపు గంటగంటకీ పెరగడం ఉంటే ఓపీ టైము కోసం ఆగకూడదు.

ఎక్స్‌రేలో ఎముక బాగుందంటే ఎముక బాగుందని మాత్రమే అర్థం. కండ, టెండన్ ఎక్స్‌రేలో కనిపించవు. ఎప్పుడో ఒకసారి టెండన్‌తో పాటు ఎముక పెచ్చు ఊడి వస్తే తప్ప అందులో ఆధారం దొరకదు. తీయించడం మంచిదే, ఎముక విరగలేదని తెలిసింది. దాంతో ఆగిపోవడమే తప్పు.

నీకు కావలసింది ఎంఆర్‌ఐ. ఇక్కడే చాలామందికి డబ్బు వృథా అవుతోంది. చీటీ మీద ‘కుడి భుజం ఎంఆర్‌ఐ’ అని రాస్తారు. మామూలు భుజం స్కాన్ కీలు చుట్టూ చూసి ఆగిపోతుంది. ఛాతీ టెండన్ అతుక్కునే చోటు దానికి కింద, పై చేయి మీద ఉంటుంది. రిపోర్టులో భుజం కీలు నార్మల్ అని వస్తుంది, మనిషి నిశ్చింతగా ఇంటికి పోతాడు. చీటీ రాసేటప్పుడే డాక్టరును అడుగు: పెక్టోరాలిస్ మేజర్ చిరుగు అనుమానం, కాలర్ బోన్ నుంచి పై చేయి సగం దాకా, ఛాతీ గోడతో సహా తీయాలని రాయించు. స్కాన్ సెంటర్లో టెక్నీషియన్‌కు కూడా నోటితో చెప్పు, వేలు పెట్టి చోటు చూపించు. సిగ్గుపడాల్సిన పని లేదు. ఎంఆర్‌ఐకి డేటు ఆలస్యమైతే ముందు అల్ట్రాసౌండ్ చేయించుకోవచ్చు. ఖర్చు తక్కువ, చేయి కదిలిస్తూ చూడొచ్చు. అయితే అది చేసే మనిషి చేతి మీద ఆధారపడే పరీక్ష. కండల స్కాన్ అలవాటున్న రేడియాలజిస్టు దొరికితేనే దాని మాట నమ్ము.

రిపోర్టులో నువ్వు చూడాల్సింది రెండు సంగతులు: ఎంత తెగింది, ఎక్కడ తెగింది. డాక్టర్లు 1980 నాటి టీట్‌జెన్ వర్గీకరణ ఆధారంగా మాట్లాడతారు. మొదటిది కండ నలగడం, బెణకడం. రెండోది కొంత తెగడం. మూడోది పూర్తిగా తెగడం. మూడో దాంట్లోనే చోటును బట్టి విభాగాలున్నాయి: కండ మొదలయ్యే చోట, కండ మధ్యలో, కండ టెండన్‌గా మారే చోట, టెండన్ ఎముకకు అతుక్కునే చోట. టెండన్ చివర ఎంత వెనక్కి ముడుచుకుపోయిందో కూడా రాస్తే సర్జన్‌కు ఎంతో ఉపయోగం.

నలిగినా, కొంచెం తెగినా, కండ మధ్యలో చిట్లినా సాధారణంగా ఆపరేషన్ అవసరం ఉండదు. కండ మధ్యలో కుట్టు నిలవడం కూడా కష్టమే, తడి కాగితానికి దారం వేసినట్టుంటుంది. స్లింగ్ (చేతిని మెడకు వేలాడదీసే పట్టీ), ఐస్, తర్వాత మెల్లగా కదలిక, ఆపైన బలం పెంచడం. అదే టెండన్ ఎముక నుంచి పూర్తిగా ఊడితే, బరువులెత్తే నీలాంటి వయసువాడికి ఆపరేషనే సరైన దారి అని నా అభిప్రాయం, ఆర్థోపెడిక్ డాక్టర్లలో ఎక్కువమంది చెప్పేదీ అదే. ఆపరేషన్ లేకపోతే ప్రాణానికేం కాదు. 65 ఏళ్ల పెద్దాయనకైతే నేనే వద్దంటాను. రోజువారీ పనులన్నీ జరుగుతాయి. కానీ చేతిని ఛాతీ వైపు లాగే బలం, లోపలికి తిప్పే బలం చాలావరకు పోతుంది, ఆకారం కూడా మారిపోతుంది. రాత్రి మండీ మూసేటప్పుడు షట్టర్ పైనుంచి కిందికి లాగుతావు చూడు, ఆ లాగడంలో ఈ కండ వాటా పెద్దది. నీకు ఆ లోటు రోజూ తెలుస్తుంది.

ఆపరేషన్ గురించి భయపడొద్దు. మత్తు ఇచ్చి, చంక ముందు మడత దగ్గర కోసి, ముడుచుకున్న టెండన్ చివరను వెతికి పట్టుకుంటారు. ఎముక మీద అది ఉండాల్సిన చోట శుభ్రం చేసి, బలమైన దారంతో అక్కడికి లాగి బిగిస్తారు. దారాన్ని పట్టి ఉంచడానికి ఎముకలో చిన్న యాంకర్లు గానీ లోహపు బటన్లు గానీ పెడతారు, లేదా ఎముకకే రంధ్రాలు చేసి కుడతారు. ఏ పద్ధతి అనేది సర్జన్‌కు వదిలెయ్. నువ్వు అడగాల్సింది వేరే ఉంది: “సార్, ఈ టెండన్ రిపేరు మీరు ఇంతకుముందు చేశారా?” ఇది మోకాలి లిగమెంటు లాగా వారం వారం వచ్చే కేసు కాదు. చేసిన చేయి అయితే తేడా ఉంటుంది. చీము పట్టడం, భుజం బిగుసుకోవడం, మళ్లీ తెగడం లాంటి ఇబ్బందులు కొద్దిమందికి రావచ్చు. అవి కూడా ముందే అడిగి తెలుసుకో.

ఎక్కడికి పోవాలంటావా? చిత్తూరు నుంచి నీకు రెండు దారులు. ఇటు తిరుపతి వస్తే రుయా, స్విమ్స్, టీటీడీ వాళ్ల బర్డ్ ఆసుపత్రులు ఉన్నాయి. అటు వేలూరు సీఎంసీ దగ్గరే. ఎక్కడైనా సరే, ఎముకల విభాగంలో భుజం దెబ్బలు చూసే డాక్టరు ఏ రోజు ఓపీలో ఉంటారో ముందు ఫోన్ చేసి కనుక్కో. రేషన్ కార్డు, ఆధార్ వెంట పెట్టుకుని, ఎన్టీఆర్ వైద్య సేవలో (మునుపటి ఆరోగ్యశ్రీ) ఈ ఆపరేషన్‌కు అవకాశం ఉందేమో ఆసుపత్రిలో ఆ పథకం చూసేవాళ్లను అడుగు.

అవ్వ మాట గురించి. పుత్తూరు కట్టు మీద మన జిల్లాల్లో జనానికున్న నమ్మకం నాకు తెలుసు, మా ఇంట్లో పెద్దవాళ్లూ పోయారు. అవ్వను తీసిపారేయొద్దు, కూర్చోబెట్టి చెప్పు. కట్టు అనేది విరిగిన ఎముక కదలకుండా ఆపడానికి. నీ ఎముక విరగలేదని ఎక్స్‌రే చెప్పింది. తెగింది రబ్బరు బ్యాండులా లోపలికి లాక్కుపోయే వస్తువు. బయట ఎంత గట్టిగా కట్టినా అది తనంతట తాను ఎముక దగ్గరికి రాదు. ఆ కట్టు కింద మూడు వారాలు గడిచిపోతాయి, అదే నా భయం.

మర్దన అస్సలు వద్దు. తాజాగా తెగిన చోట నూనె పెట్టి నొక్కితే రక్తం ఇంకా కారుతుంది, కొంచెం తెగింది పెద్దదవుతుంది. మొదటి రోజుల్లో వేడి కాపడం కూడా వద్దు. గుడ్డలో చుట్టిన ఐస్ 15 నిమిషాల చొప్పున రోజుకు మూడు నాలుగు సార్లు పెట్టు. చేయి స్లింగ్‌లో ఉంచు. వేళ్లు, మణికట్టు కదిలిస్తూ ఉండు. నొప్పి తెలియకుండా ఇంజెక్షన్ వేయించుకుని తేలికగా వేసి చూద్దామనే ఆలోచన ఉంటే ఇప్పుడే మానుకో.

నువ్వు రాయలేదు కానీ నేను అడగాలి. స్టెరాయిడ్లు వాడావా? తిట్టడానికి కాదు. వాటితో కండ వారాల్లో పెరుగుతుంది, టెండన్ ఆ వేగంతో బలపడదు. కండ 110 లాగుతుంది, దాన్ని ఎముకకు కట్టిన తాడు మాత్రం పాతదే. ఈ దెబ్బ తగిలిన లిఫ్టర్లలో ఆ అలవాటు తరచుగా కనిపిస్తుంది. వాడి ఉంటే డాక్టరుకూ, మత్తు ఇచ్చే డాక్టరుకూ దాచకుండా చెప్పు. జిమ్‌లో అమ్మే పేరు తెలియని పౌడర్ల డబ్బా ఉంటే అది కూడా తీసుకుపోయి చూపించు. ఈ మధ్య సిప్రోఫ్లాక్సాసిన్, లీవోఫ్లాక్సాసిన్ లాంటి యాంటీబయాటిక్స్ వాడావేమో కూడా చెప్పు. అవి కొందరిలో టెండన్లను బలహీనపరుస్తాయి.

ఇక పోటీ. ఆపరేషన్ అయితే మూడు నెలల్లో నువ్వు గోడకు చేతులు ఆనించి పుషప్ మొదలుపెట్టే దశలో ఉంటావు. కాబట్టి ఈసారి లేదు. ఇప్పుడే మనసు సరిపెట్టుకుంటే తర్వాత తొందరపడవు. నా దగ్గర మళ్లీ చెడగొట్టుకున్నవాళ్లు నొప్పి ఉన్నప్పుడు కాదు, నొప్పి పోయిన నెలలోనే చెడగొట్టుకున్నారు.

ఆపరేషన్ తర్వాత నాలుగు నుంచి ఆరు వారాలు స్లింగ్. కచ్చితమైన లెక్క మీ సర్జన్ చెప్పిందే, కుట్టు ఎంత బిగువుగా వచ్చిందో చూసింది ఆయన కాబట్టి. స్లింగ్ ఉన్న ఆ వారాల్లో చేయి శరీరానికి వెనక్కి పోకూడదు, పక్కకు తెరుచుకోకూడదు. చెప్పడానికి సులువే, ఇంట్లో పదిసార్లు మర్చిపోతావు. వెనక జేబులో పర్సు పెట్టొద్దు. చొక్కా తొడిగేటప్పుడు కుడి చేయి ముందు, విప్పేటప్పుడు ఎడమ చేయి ముందు. ముందు గుండీల చొక్కాలే వేసుకో, టీషర్టులు అటక మీద పెట్టెయ్. బస్సులో పై కమ్మీ పట్టుకోవద్దు. కాలినడకన కొండెక్కుతానని మొక్కుకుని ఉంటే ఆ మొక్కు కొన్నాళ్లు వాయిదా వెయ్. కాళ్లకు మంచిదే, కానీ అలిపిరి మెట్ల మీద కాలు జారితే చేయి తనంతట తానే నేలకు ఆనుతుంది. ఇంటి ముందు చదును మీద నడువు. సాష్టాంగ నమస్కారం, సూర్య నమస్కారం మీ సర్జన్ సరేననే దాకా వద్దు. నేల మీద నుంచి ఒంటిని పైకి తోసేది ఈ కండే.

ఈ దశలో ఫిజియో నీ చేతిని తన చేత్తో కొద్దికొద్దిగా కదిలిస్తాడు, నువ్వు బలం పెట్టవు. ఆరు వారాలు దాటాక నీ అంతట నువ్వు చేయి ఎత్తడం. పది పన్నెండు వారాలకు కదలిక పూర్తిగా రావాలి. మూడు నెలల తర్వాత రబ్బరు బ్యాండు, గోడ పుషప్. నాలుగైదు నెలలకు ఖాళీ రాడ్‌తో బెంచ్, అదీ ఛాతీ మీద మడత పెట్టిన టవల్ వేసి, రాడ్ పూర్తిగా కిందికి దిగకుండా. నేలమీద పడుకుని వేసే ఫ్లోర్ ప్రెస్ ఇంకా మంచిది, మోచేతులను నేలే ఆపుతుంది. బరువైన సెట్లు ఆరు నెలలకు ముందు వద్దు, చాలామందికి తొమ్మిది నెలలు పడుతుంది. రెండువైపులా బలం కొలిచి చూశాకే పోటీ మాట. మండీలో 20 కేజీల క్రేటు కూడా బరువే. జిమ్ మానేసి అక్కడ క్రేట్లు ఎత్తితే మానేసినట్టు కాదు. సీజన్ వచ్చి తోతాపురి లారీలు వరుసకట్టినా లెక్కలు రాసే పనికే కూర్చో, నాయనకు ముందే చెప్పి పెట్టు.

తిరిగి బెంచ్ వేసే రోజు వచ్చాక గ్రిప్ భుజాల వెడల్పుకు ఒకటిన్నర రెట్లు దాటనివ్వకు. మోచేతులను రెక్కల్లా పూర్తిగా తెరవకుండా కొంచెం ఒంటి వైపు ఉంచు. రాడ్‌ను ఛాతీ మీద పడేయకుండా అదుపులో దించు. లోతైన డిప్స్, చేతులు బాగా వెనక్కి పోయే డంబెల్ ఫ్లై నీకు ఇక అవసరం లేదు. గరిష్ఠ బరువుతో ఒక్క రెప్ వేసి చూసే అలవాటు కూడా మానేస్తే మంచిది.

స్కాన్‌లో కొంచెమే తెగిందని వస్తే ఈ నెలల లెక్క బాగా తగ్గుతుంది, రెండు మూడు నెలల్లో తేలిక బరువుల దాకా రావచ్చు. పూర్తిగా తెగిందని వస్తే రిపోర్టులో ఏ భాగం, ఎక్కడ, ఎంత దూరం ముడుచుకుందో రాసిన వాక్యాలు ఇక్కడ పెట్టు, నీ పేరు, నంబరు కనిపించకుండా. ఆపరేషన్ అయ్యాక మొదటి ఆరు వారాలు రోజువారీగా ఏం చేయాలో మీ సర్జన్ చెప్పినదాన్ని బట్టి వివరంగా రాస్తాను.

ఈ రాత్రికి వెల్లకిలా, వీపు కింద రెండు దిండ్లు వేసి కొంచెం ఎత్తుగా పడుకో. మోచేయి పరుపు మీదికి జారి వెనక్కి పోకుండా దాని కింద మడిచిన దుప్పటి పెట్టు. కుడివైపు తిరగొద్దు. పొద్దున్నే షట్టర్ వేరే ఎవరినైనా ఎత్తమని, ఓపీ చీటీకి బయలుదేరు.